వరద నష్టాన్ని పద్దు రాసుకోవడం ఎలా: సింగ్‌నగర్, పాయకాపురం చిన్న షాపుల వాళ్ల కోసం

వరద వచ్చిపోయాక "ఎంత నష్టపోయారు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది చెప్పే మాట ఒక్కటే: "అంతా పోయిందండీ." ఆ మాట నిజమే. కానీ ఆ మాటతో సచివాలయంలో పేరు ఎక్కదు, బీమా డబ్బు రాదు, ఢిల్లీకి వెళ్లే నివేదికలో అంకె మారదు. ఏ వస్తువు పోయింది, ఎన్ని పోయాయి, ఎప్పుడు ఎంతకు కొన్నారు, షాపు ఎన్ని రోజులు మూసి ఉంది, ఆ రోజుల్లో రావలసింది ఎంత, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఉంటేనే ఎవరైనా వింటారు.

నేను విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, ప్రకాష్‌నగర్ వైపు చిన్న షాపులకు లెక్కలు రాసిపెడతాను. కిరాణా, టైలరింగ్, జిరాక్స్, ఫ్యాన్సీ, మోటారు వైండింగ్, టిఫిన్ సెంటర్లు, ఇలాంటివే అన్నీ. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో పడిన వానకు బుడమేరు వాగుకు గండ్లు పడి మా వైపంతా మునిగిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, బ్యారేజీ కట్టాక ఎన్నడూ చూడనంత. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. నీళ్లు దిగాక తడిసిన పుస్తకాలు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చిన వాళ్లకు ఏం చేసిపెట్టానో, మళ్లీ అలాంటిది వస్తే ఏం సిద్ధంగా ఉంచుకోమని వాళ్లకు చెబుతున్నానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు పేజీల సంగతి

నష్టం రెండు రకాలు. నీళ్లలో పాడైపోయిన వస్తువు మొదటిది. పని ఆగిపోవడం వల్ల చేతికి రాకుండా పోయిన డబ్బు, మళ్లీ పని మొదలుపెట్టడానికి అదనంగా పెట్టిన డబ్బు రెండోది. పెద్ద విపత్తుల తర్వాత ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి సంస్థలు వేసే అంచనాల్లో కూడా ఈ రెండింటినీ విడివిడిగానే లెక్కిస్తారు. మనవాళ్లు మాత్రం మొదటిదే రాయిస్తారు. ఫ్రిజ్జు, మిక్సీ, బియ్యం బస్తాలు, మంచం, టీవీ. రెండోది ఎవరూ అడగరు కాబట్టి మనమూ చెప్పం. నా అనుభవంలో చాలా షాపులకు రెండోదే ఎక్కువ.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. తెరిస్తే కనిపించే రెండు పేజీల్లో ఎడమ పేజీ పైన "వస్తువు" అని, కుడి పేజీ పైన "రాబడి" అని రాయండి. ఇద్దరు పనివాళ్లతో నడిచే టైలరింగ్ షాపు ఒకటి ఉందనుకుందాం. అంకెలు పద్ధతి చూపించడానికి నేను వేసినవి, మీవి మీరు వేసుకోండి.

ఎడమ పేజీ: రెండు మెషిన్ల మోటార్లు వైండింగ్ చేయించడానికి 3,600. ఓవర్‌లాక్ మెషిన్ బాగు చేయించడానికి 4,400. లైనింగ్ గుడ్డ, ఫాల్స్, దారాలు, జిప్పులు కలిపి 14,000. కుట్టమని ఇచ్చిన కస్టమర్ల బట్టలు పాడైతే వాళ్లకు కట్టి ఇచ్చింది 11,000. మొత్తం 33,000.

కుడి పేజీ: షాపు 24 రోజులు మూత. సామాను ఖర్చు, పనివాళ్ల కూలి పోను రోజుకు మిగిలేది 900 అనుకుంటే 21,600. పనివాళ్లు వేరే చోట చేరిపోకుండా ఇద్దరికీ కలిపి రోజుకు 200 చొప్పున చేతిలో పెట్టింది 4,800. షాపు మళ్లీ తెరవడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి, పది నెలలకు అసలు తీరిస్తే వడ్డీ 8,000. మొత్తం 34,400.

రెండు పేజీలూ కలిపితే 67,400. ఎడమ పేజీ ఒక్కటే చెప్పి ఉంటే సగానికి పైగా నష్టం ఎక్కడా కనిపించకుండా పోయేది.

కుడి పేజీ రాసేటప్పుడు నిజాయితీగా ఉండాలి, లేకపోతే ఎడమ పేజీని కూడా నమ్మరు. షాపు అద్దె విడిగా కలపకండి. రోజుకు మిగిలే 900లోంచే అద్దె కట్టేవాళ్లు కాబట్టి, కలిపితే ఒకే డబ్బు రెండుసార్లు ఎక్కుతుంది. అలాగే నీళ్లు దిగాక పని పెరిగి కొంత రాబట్టుకుంటే దాన్ని తీసెయ్యాలి. మోటారు వైండింగ్ వాళ్లకు, ఫ్రిజ్జు మెకానిక్కులకు వరద తర్వాత చేతినిండా పని దొరికింది. వాళ్ల కుడి పేజీలో ఆ రాబడి కూడా కనిపించాలి.

రోజు సగటు ఎలా తీయాలి? ఏడాది మొత్తాన్ని రోజులతో భాగిస్తే చాలామందికి అన్యాయం జరుగుతుంది. సెప్టెంబరులో మూతపడిన టైలరు పోగొట్టుకున్నది దసరా సీజను. 2024లో దసరా నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి, అంటే గుడ్డ పట్టుకుని జనం షాపుకు వచ్చే వారాలన్నీ బురద కడగడంతో సరిపోయాయి. అందుకని అంతకు ముందు ఏడాది అదే నెల లెక్క తీయండి. బిల్లు బుక్కు తడిసిపోయినా ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా వచ్చిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి ఆ నెల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోండి. నగదు అమ్మకాలకు రుజువు తక్కువ కాబట్టి, డిజిటల్‌గా వచ్చింది మొత్తం అమ్మకంలో ఎంత భాగమో మామూలు రోజుల్లో ఒక వారం రాసి చూసుకుంటే నగదును కూడా సబబుగా అంచనా వేయవచ్చు.

షాపు లేని ఇంటికి కూడా ఇదే పద్ధతి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తాపీ పనివాళ్లు, ఆటో తోలేవాళ్లు పనికి వెళ్లలేని రోజులు కుడి పేజీలో రాయాలి. ఆసుపత్రి ఖర్చు, పిల్లల పుస్తకాలు, తడిసిపోయిన సర్టిఫికెట్లకు నకళ్లు తెచ్చుకోవడానికి తిరిగిన ఖర్చు, బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు అయిన ఖర్చు కూడా రాయండి.

వాన లేని రోజుల్లో చేయవలసింది

రుజువులన్నీ వరద రాకముందే తయారవుతాయి. మూడు నెలలకు ఒకసారి షాపు షట్టరు ఎత్తి, తేదీ గట్టిగా చెబుతూ ఫోన్‌తో వీడియో తీయండి. కింది అరలు, అట్టపెట్టెల వెనక, గోడౌన్ మూల, మెషిన్ మీద కంపెనీ నంబరు కనిపించేలా తీయండి. ఆ వీడియో ఊళ్లోనే ఉన్న తమ్ముడికి పంపితే సరిపోదు, అతని ఇల్లూ మునగవచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న వాళ్లకు పంపండి, గూగుల్ డ్రైవ్‌లో కూడా వేయండి.

కొనుగోలు బిల్లుల దగ్గర మన వైపు పెద్ద చిక్కు ఉంది. వన్‌టౌన్‌లో గానీ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో గానీ సరుకు తెచ్చినప్పుడు చాలామంది చీటీతో సరిపెట్టుకుంటారు. ఆ చీటీ మీద షాపు పేరు ఉండదు, తేదీ ఉండదు. నష్టం చూడడానికి బీమా కంపెనీ పంపే సర్వేయరు దాన్ని పక్కన పెట్టేస్తాడు. పక్కా బిల్లు అడగండి. ఇవ్వకపోతే కనీసం డబ్బు యూపీఐలో కట్టండి, చీటీ మీద తేదీ వేయించి ముద్ర కొట్టించండి, ఇంటికి రాకముందే ఫొటో తీసి మీ నంబరుకే వాట్సాప్ చేసుకోండి.

తర్వాత బీమా పాలసీ. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో కొందరికి తమకు పాలసీ ఉందన్న సంగతే తెలియదు. షాపు మీద క్యాష్ క్రెడిట్ లోన్, అంటే సరుకు హామీగా బ్యాంకు ఇచ్చే అప్పు, ఉంటే బ్యాంకు తనకు తానే సరుకు మీద పాలసీ తీసి ప్రీమియం ఖాతాలోంచి కోసుకుంటుంది. స్టేట్‌మెంట్‌లో ఆ కోత కనిపిస్తే వెళ్లి పాలసీ కాపీ అడిగి తెచ్చుకోండి, అది మీ హక్కు. తెచ్చుకున్నాక నిదానంగా చదవండి. మొదట చూడవలసింది చిరునామా. సరుకు ఎక్కడ ఉంటే ఆ చిరునామా పాలసీలో ఉండాలి. నాకు తెలిసిన ఒక బట్టల వ్యాపారికి షాపు చిరునామా ఉంది, వెనక వీధిలో గోడౌన్ చిరునామా లేదు. మునిగిన సరుకంతా గోడౌన్‌లోదే. చేతికి వచ్చింది చాలా కొంచెం. ఆయన ఇంట్లో ఆ కాగితం చూసి అందరూ కూర్చుండిపోయారు. ఆ రోజు నుంచి నేను ఏ కొత్త షాపు లెక్కలు ఒప్పుకున్నా ముందు పాలసీలో చిరునామా చూస్తాను.

రెండోది, వరద, ముంపు అన్న మాటలు పాలసీలో ఉన్నాయా అన్నది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ ఒకే రకం పాలసీలు పెట్టించింది. ఇంటికి భారత్ గృహ రక్ష, ఒకే చోట 5 కోట్ల దాకా ఆస్తి, సరుకు ఉన్న చిన్న వ్యాపారానికి భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష. రెండిటిలోనూ తుపాను, వరద, ముంపు కలిసే ఉంటాయి. గృహ రక్షలో ఇంటి భవనానికి పాలసీ తీసుకుంటే ఇంట్లో సామానుకు కూడా భవనం విలువలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతట అదే వర్తిస్తుంది. అద్దెకున్న వాళ్లు సామానుకు మాత్రమే విడిగా తీసుకోవచ్చు. ఇక మూడోది విలువ. దసరా ముందు, సంక్రాంతి ముందు సరుకు రెట్టింపు ఉంటుంది. మామూలు రోజుల విలువకే పాలసీ తీసుకుంటే సీజన్‌లో మునిగినప్పుడు క్లెయిమ్ కూడా ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. సూక్ష్మ ఉద్యమ సురక్షలో 15 శాతం వరకు తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోస్తారు.

బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, మునిగిన బండిని నీళ్లు దిగగానే స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి పాడైతే, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోని వాళ్లకు ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. తోసుకెళ్లండి, లేదా ఎత్తించుకెళ్లండి.

కడిగే ముందు

నీళ్లు దిగిన రోజు ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు. బురద వాసన, పాములేమైనా ఉన్నాయేమోనన్న భయం, తాగడానికి నీళ్లు లేకపోవడం. 2024లో ఫైరింజన్లు వచ్చి వీధులు, ఇళ్లు కడిగాయి, పారిశుధ్య కార్మికులు వేరే ఊళ్ల నుంచి వచ్చి రాత్రింబవళ్లు చెత్త ఎత్తారు. వాళ్లకు ఎంత దండం పెట్టినా తక్కువే. అయితే చెత్త లారీ ఎక్కిన సరుకు మళ్లీ కనిపించదు. అందుకే ఇంట్లో ఒకరిని ఫొటోల పనికే పెట్టండి, చీపురు పట్టుకోనివ్వకండి.

ముందు బయట నుంచి: బోర్డు, డోర్ నంబరు, వీధి కనిపించేలా ఒక ఫొటో. గోడ మీద నీళ్ల గీత ఎక్కడుందో అక్కడ టేపు పెట్టి, టేపు మీద అంకె చదవగలిగేలా ఒకటి. లోపల నాలుగు మూలల నుంచి. తర్వాత ఒక్కో అర దగ్గరగా. పాడైన సరుకును రకాలుగా కుప్పలు పెట్టి లెక్కపెట్టండి, కుప్ప పక్కన కాగితం మీద లెక్క రాసి కుప్పతో కలిపి ఫొటో తీయండి. కుళ్లిపోయే సరుకును ఉంచలేం, బియ్యం, పిండి, కూరగాయలు ఫొటో తీసి పంపేయండి. కుళ్లనివి, అంటే మెషిన్లు, బట్టలు, ప్లాస్టిక్ సామాను, సర్వేయరు వచ్చి చూసేదాకా పైఅంతస్తులో గానీ మేడ మీద గానీ ఉంచండి.

తడిసిన పద్దు పుస్తకాలు ఎండలో పెట్టకండి, పేజీలు అట్టలా బిగుసుకుపోయి విప్పితే చిరిగిపోతాయి. నీడలో, ఫ్యాన్ గాలికి, పేజీల మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, తడిసినప్పుడల్లా ముక్కలు మారుస్తూ ఆరబెట్టండి. ఆరుతున్న కొద్దీ చదవగలిగిన ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. అరువు ఖాతాల పుస్తకానిది మొదటి వంతు. అది పోతే కస్టమర్ల దగ్గర రావలసిన డబ్బు కూడా పోయినట్టే, దాన్ని ఏ ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకోదు.

ఎన్యూమరేషన్‌కి (నష్టం వివరాలు రాసుకోవడానికి) వచ్చినప్పుడు

2024లో సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి వివరాలు ఫోన్ యాప్‌లో ఎక్కించారు. ప్రభుత్వం ప్రకటించిన సాయం ఇలా ఉంది: మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000, కిరాణా లాంటి చిన్న షాపులకు 25,000. ఏడాది టర్నోవర్ 40 లక్షల లోపు ఉన్న చిన్న పరిశ్రమలకు 50,000, కోటిన్నర దాకా లక్ష, ఆ పైన లక్షన్నర. ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకు 10,000. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడింది.

మళ్లీ ఇలాంటిది వస్తే రేట్లు మారవచ్చు, పద్ధతి మాత్రం దాదాపు ఇదే ఉంటుంది. అందుకని కొన్ని జాగ్రత్తలు. తాళం వేసి బంధువుల ఊరికి వెళ్లిపోతే పేరు ఎక్కదు, కనీసం పక్కింటి అక్కకో పిన్నిగారికో మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ ఇచ్చి వెళ్లండి. అద్దెకున్న వాళ్లు కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి అద్దె కాగితం, గ్యాస్ బుక్కు, లేదా అద్దె కట్టిన యూపీఐ వివరాలు చూపించాలి. ఆధార్‌లో వేరే ఊరి చిరునామా ఉన్న వాళ్లు ముందే సచివాలయానికి వెళ్లి మాట్లాడుకోవాలి. ఇల్లు, షాపు ఒకే గదిలో ఉంటే రెండిటికీ విడిగా ఫొటోలు తీసి, షాపు లైసెన్సు గానీ, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గానీ చూపండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండు మూడు ఖాతాలున్న వాళ్లకు డబ్బు పాత ఖాతాలో పడుతుంది, అది మూతబడి ఉంటే వెనక్కి పోతుంది. అర్హుల జాబితా సచివాలయంలో పెట్టినప్పుడు మీరే వెళ్లి చూడండి, వాళ్లూ వీళ్లూ చెప్పారని ఊరుకోకండి. పేరు లేకపోతే నోటితో అడిగి రాకండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు ఆ కాపీ పట్టుకుని వెళ్లండి.

బీమా, జీఎస్టీ, బ్యాంకు

షాపు నీళ్లలో ఉండగానే బీమా కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, తర్వాత మెయిల్ పెట్టండి. సర్వేయరు వచ్చినప్పుడు ఎడమ పేజీ ఆధారంగా పట్టిక ఇవ్వండి: సరుకు, ఎన్ని, కొన్న ధర, బిల్లు తేదీ, ఫొటో నంబరు. అమ్మకం ధర వేయకండి, లాభం కలిపారని మొత్తాన్ని అనుమానిస్తారు. కుడి పేజీ మామూలు పాలసీలో రాదు, దానికి వ్యాపార అంతరాయం కవర్ విడిగా ఉండాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే గానీ తగ్గిస్తే గానీ కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, ఆంధ్రకూ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత నంబరు 155255.

జీఎస్టీ ఉన్న షాపుల వాళ్లు మరిచిపోయేది ఒకటి ఉంది. వరదలో పాడైన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత మీ పన్నులో తగ్గించుకున్న జీఎస్టీని, చట్టంలో 17(5) సెక్షన్ ప్రకారం రివర్స్ చేయాలి, అంటే వెనక్కి కట్టాలి. చేయకపోతే ఎప్పుడో నోటీసు వస్తుంది, వడ్డీతో. రివర్స్ చేసిన పన్ను మీ జేబులోంచి పోయినదే కాబట్టి దాన్ని బీమా క్లెయిమ్‌లో వేరే వరుసలో చూపించి అడగండి. కాంపోజిషన్‌లో ఉన్న వాళ్లు, అంటే క్రెడిట్ తీసుకోకుండా అమ్మకం మీద చిన్న శాతం పన్ను కట్టేవాళ్లు, వాళ్లకు ఈ గొడవ లేదు.

లోన్ వాయిదాల విషయంలో బ్యాంకులకు ప్రకృతి వైపరీత్యాల సమయంలో అప్పులను సర్దుబాటు చేసేందుకు రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు ఉన్నాయి. వాయిదా తప్పకముందే రాతపూర్వకంగా అడగాలి, మీ రెండు పేజీల కాపీ జతచేయాలి. తప్పిన తర్వాత వెళ్తే మాట విలువ తగ్గిపోతుంది.

మన అంకె ఎక్కడిదాకా వెళ్తుంది

ఇది తెలిస్తే రాయడానికి ఓపిక వస్తుంది. 2024 వరదలకు రాష్ట్రం కేంద్రానికి పంపిన ప్రాథమిక అంచనా 6,880 కోట్లు. అందులో రోడ్లు భవనాల శాఖదే 2,000 కోట్లు దాటింది. తర్వాత జలవనరులు, పురపాలక శాఖ, ఇలా. ఈ అంచనా శాఖల వారీగా తయారవుతుంది. ప్రతి శాఖా తన రోడ్డు, తన కాలువ, తన స్తంభం లెక్క వేసుకుని పంపుతుంది. పాయకాపురంలో టైలరు పోగొట్టుకున్న దసరా సీజను ఏ శాఖ ఆస్తీ కాదు. అందుకే ఆ లెక్క పంపే వాళ్లు లేరు.

కేంద్రం డబ్బు ఇచ్చేది నష్టం అంచనాను బట్టి కాదు, విపత్తు నిధుల నిబంధనలను బట్టి. 2024 అక్టోబరు 1న 14 రాష్ట్రాలకు కలిపి 5,858.60 కోట్లు విడుదల చేస్తూ ఆంధ్రకు 1,036 కోట్లు ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో జాతీయ విపత్తు నిధి నుంచి మరో 608.08 కోట్లు ఆమోదించారు. 2022-26 నిబంధనలు చూస్తే, ఇల్లు రెండు రోజులకు మించి మునిగితే బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. నీటివసతి ఉన్న పంట 33 శాతం పైన పోతే హెక్టారుకు 17,000, రెండు హెక్టార్ల దాకా. చేనేత, హస్తకళల వాళ్ల పనిముట్లకు, ముడిసరుకుకు ఒక వరుస ఉంది. చిన్న షాపు సరుకుకు వరుస లేదు. మనకు వచ్చిన 25,000 రాష్ట్రం ప్రకటించిన ప్యాకేజీలోది. ఆ ప్యాకేజీ లేకపోయి ఉంటే ఆ కేంద్ర నిబంధనల్లో మనకంటూ ఏమీ లేదు. ఈ నిబంధనలు ఆర్థిక సంఘం (కేంద్రం నిధులు రాష్ట్రాలకు ఎలా పంచాలో సూచించే సంఘం) కాలానికోసారి మారతాయి, మార్చమని అడగాలంటే చేతిలో అంకెలు ఉండాలి.

నష్టం జరిగాక ఇచ్చే డబ్బు సంగతి అది. ఇలాంటి వరదలకు ముందే సిద్ధపడే, అంటే వాతావరణ మార్పును తట్టుకునే ప్రణాళికలు కూడా మన దేశానికి కొత్త కాదు. 2008లోనే 8 మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2023 డిసెంబరులో భారత్ ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన నివేదికలో, 2021-22లో ఈ రకమైన పనుల మీద ఖర్చు జీడీపీలో 5.6 శాతమని చెప్పింది. ఇందులో వ్యవసాయం, నీళ్లు, ఆరోగ్యం, పేదరిక నిర్మూలన లాంటివన్నీ కలుస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు సూచించి, అందులో 20 శాతం ముప్పు రాకముందే తగ్గించే పనులకని విడిగా పెట్టింది. మన కళ్లు పడాల్సింది ఆ 20 శాతం మీద. నగరాల వరదలకని అదే సంఘం ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్, పుణె నగరాలకు కలిపి 2,500 కోట్లు సూచించింది. ఆ ఏడింటిలో విజయవాడ లేదు.

ముందే చేసిన పని ఎంత ఆదుకుంటుందో చూడాలంటే విజయవాడలో కృష్ణా నది ఒడ్డున ఉన్న కృష్ణలంక చాలు. 2009 అక్టోబరులో వరద పది లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అక్కడి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2024లో అంతకంటే ఎక్కువ వరద వచ్చినా నది పక్కన కట్టిన రిటైనింగ్ వాల్ (రక్షణ గోడ) వల్ల కృష్ణలంక చాలావరకు బయటపడింది. బుడమేరు వైపు అలాంటి రక్షణ అడిగేటప్పుడు "మాకు కూడా కట్టండి" అంటే సరిపోదు. కట్టకపోతే ఒక్కో వీధి ఒక్కో వరదకు ఎంత పోగొట్టుకుంటుందో చూపించాలి.

వీధి పట్టిక ఎలా తయారుచేయాలి

ఒక వీధిలో ఇరవై షాపుల వాళ్లు కలిస్తే చాలు. పేర్లు, ఆధార్ నంబర్లు పట్టికలో వద్దు. డోర్ నంబరు, వ్యాపారం, నీళ్ల గీత ఎత్తు, నీళ్లున్న రోజులు, మూసి ఉన్న రోజులు, ఎడమ పేజీ మొత్తం, కుడి పేజీ మొత్తం, అందిన సాయం, అందిన బీమా, ఇంకా మిగిలిన అప్పు. ఇవి పది గళ్లు. కింద వీధి మొత్తం. ప్రతి షాపు వాళ్లూ తమ వరుస పక్కన సంతకం పెట్టాలి. నీళ్ల గీత ఎత్తు తప్పకుండా ఉండాలి, ఇంజనీర్లు డ్రెయిన్ వాలు, కల్వర్టు వెడల్పు లెక్క వేయడానికి ఎక్కువ పనికొచ్చే అంకె అదే. గీత చెరిగిపోకముందే గోడ మీద పెయింట్‌తో గుర్తు పెట్టి తేదీ రాయండి.

పట్టికను వార్డు సచివాలయానికి, కార్పొరేషన్ కమిషనర్‌కు, కలెక్టరేట్‌కు, ఎమ్మెల్యేకు ఇచ్చి నాలుగు కాపీల మీదా అందినట్టు సంతకం తీసుకోండి. దానితో పాటు ఒక్క కోరికే రాయండి, మీ వీధికి సంబంధించినది: ఫలానా కల్వర్టు పూడిక, ఫలానా డ్రెయిన్ మీద ఆక్రమణ, ఫలానా చోట కట్ట ఎత్తు. పది కోరికలు రాస్తే ఎవరూ ఏదీ చేయరు.

షాపులో మార్పుల గురించి రెండు మాటలు. నీళ్ల గీతకు పైన స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్ పెట్టించండి. ఖరీదైన సరుకు పై అరల్లోకి, పాడైనా ఫర్వాలేనిది కింది అరల్లోకి. మెషిన్ మోటార్లు విప్పడం ఇంట్లో ఒకరికైనా నేర్పించండి, గంట సమయం దొరికినా మోటార్లు మేడ మీదికి చేరతాయి. ఈ మార్పుల ఖర్చు కూడా పుస్తకంలోనే రాయండి, అది కూడా వాతావరణం మన చేత పెట్టించిన ఖర్చే.

అదే పుస్తకంలో ఎండలకు కూడా కొన్ని పేజీలు వదలండి. 2021-26 విపత్తు నిధుల జాబితాలో 12 రకాల విపత్తులు ఉండేవి. వాటిలో చలిగాలులు ఉండేవి గానీ వడగాలులు ఉండేవి కావు. బెజవాడ మే నెల ఎలా ఉంటుందో మనకు తెలుసు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా షట్టరు దించిన రోజులు, విరిగిపోయిన పాల ప్యాకెట్లు, కరిగిపోయిన చాక్లెట్లు, కరెంటు పోయి ఫ్రీజర్‌లో పాడైన ఐస్‌క్రీమ్, కూలి మానుకుని ఇంట్లో పడుకున్న రోజులు, తేదీతో, రూపాయలతో రాయండి. పక్కన ఆ రోజు వాతావరణ శాఖ చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా వేసుకోండి, అది ప్రతి రోజూ పేపర్లో వస్తుంది.